ఎరిత్రియా వార్తను చదవడం ఎలా?

2023 సెప్టెంబరు 2న టెల్ అవీవ్‌లో, ఎర్ర సముద్రం ఒడ్డున ఉన్న ఆఫ్రికా దేశం ఎరిత్రియా రాయబార కార్యాలయం ఏర్పాటు చేసిన వేడుక దగ్గర ఎరిత్రియా వాళ్ళే రెండు పక్షాలుగా విడిపోయి కర్రలతో, రాళ్ళతో తలపడ్డారు. వంద మందికి పైగా గాయపడ్డారు. ఆ రాత్రి అంతర్జాతీయ డెస్కులో ఏజెన్సీ పంపిన ఫొటో కింద వ్యాఖ్య రాసింది నేనే. లేత నీలిరంగు బట్ట మీద ఆలివ్ కొమ్మల దండ ఉన్న జెండాలు పట్టుకుని కొందరు యువకులు పరుగెత్తుతున్నారు. నీలం, ఆలివ్ కొమ్మలు కనబడగానే మరో ఆలోచన లేకుండా ‘ఐక్యరాజ్య సమితి జెండాలతో శరణార్థుల నిరసన’ అని రాసి పేజీ వదిలేశాను. మర్నాడు ఉదయం, ఎరిత్రియా రాజధాని అస్మారా దగ్గరి మాయ్ నెఫ్హి కళాశాలలో కొన్నేళ్ళు పాఠాలు చెప్పి వచ్చిన ఒక లెక్చరర్‌గారు ఫోన్ చేశారు. ‘అది ఐరాస జెండా కాదండీ, వాళ్ళ పాత జాతీయ జెండా. అది తెలియకపోతే ఆ గొడవ దేనికో మీకూ తెలియదు, చదివేవాళ్ళకూ తెలియదు’ అని మెత్తగానే అన్నారు.

ఆ మాట తరువాత నా అవసరం కోసం నేను తయారు చేసుకున్న పద్ధతే ఇది. ఎరిత్రియా గురించి తెలుగులో రాయవలసినవారికి, అనువదించవలసినవారికి, అక్కడికి ఉద్యోగానికి వెళ్ళబోయేవారికి పనికొస్తుంది. ఇండియా నుంచి అధ్యాపకులు ఆ దేశపు కళాశాలలకు చాలాకాలంగా వెళుతున్నారు, వారిలో తెలుగువాళ్ళూ ఉన్నారు కనుక ఈ చివరి మాట ఊరికే అనడం లేదు.

మొదట జెండా చూడండి

ఎడమ అంచు నుంచి దూసుకు వచ్చే ఎర్రని త్రికోణం, అందులో పసుపురంగు ఆలివ్ దండ, పైన ఆకుపచ్చ, కింద నీలం ఉంటే అది ఇప్పటి జాతీయ పతాకం. ప్రభుత్వాన్ని సమర్థించేవారి సభల్లో కనిపించేది అదే. లేత నీలం మీద ఆకుపచ్చ దండ ఉంటే అది 1952లో, ఐరాస తీర్మానం ప్రకారం ఎరిత్రియాను ఇథియోపియాతో సమాఖ్యగా కలిపినప్పుడు ఎగరేసిన జెండా. ఆ నీలం ఐరాస మీది గౌరవంతో పెట్టుకున్నదే కనుక నా పొరపాటుకు పాక్షికంగా చరిత్ర కూడా బాధ్యత వహించాలి. చక్రవర్తి హైలే సెలాసీ 1962 నవంబరులో ఆ సమాఖ్యను రద్దు చేసి ఎరిత్రియాను తన పధ్నాలుగో రాష్ట్రంగా కలుపుకున్నాడు. అప్పటికే ఏడాది ముందు, 1961 సెప్టెంబరు 1న, పడమటి మైదానాల్లో హమీద్ ఇద్రీస్ అవాతె తుపాకీ పేల్చి సాయుధ పోరాటం మొదలుపెట్టాడు.

ఆ పోరాటం నడిపిన మొదటి సంస్థ ఎరిత్రియా విమోచన ఫ్రంట్, జనం నోట ‘జెబ్హా’. అది నీలి జెండానే తన జెండాగా మోసింది. జెబ్హా నుంచి 1970ల మొదట్లో విడిపోయి, చివరకు 1991 మే 24న అస్మారాను గెలుచుకున్నది ఎరిత్రియా ప్రజా విమోచన ఫ్రంట్, జనం నోట ‘షాబియా’. ఇప్పటి జాతీయ పతాకం ఆ షాబియా జెండా నుంచి వచ్చినదే. దాని మీది నక్షత్రాన్ని తీసి ఆలివ్ దండ పెట్టారు.

ఇక్కడ చాలామంది విశ్లేషకులు ‘నీలి జెండా అంటే జెబ్హా’ అని తేల్చేసి ముందుకు పోతారు. అంత తొందర వద్దు. టెల్ అవీవ్‌లో ఆ జెండా పట్టుకుని పరుగెత్తిన కుర్రవాళ్ళలో ఎక్కువమంది జెబ్హా దేశంలో లేకుండా పోయాక పుట్టినవారు. వారి చేతిలో ఆ జెండాకు ఉన్న అర్థం ఒక్కటే: ఇది షాబియా నుంచి వచ్చిన పాలకపార్టీ జెండా కాదు. అరవై ఏళ్ళు దాటిన పాత పోరాటయోధుడి చేతిలో మాత్రం అదే గుడ్డకు ‘మమ్మల్ని చరిత్ర నుంచి తుడిచేశారు’ అనే అర్థం ఉంటుంది. ఒకే జెండా కింద నిలబడిన ఈ ఇద్దరూ రేపు ఒకే బల్ల దగ్గర కూర్చోగలరా అన్నదే ప్రవాస ప్రతిపక్షపు అసలు సమస్య.

తరువాత అడగండి: ఏ సంవత్సరంలో దేశం విడిచారు?

ఏ పార్టీ, ఏ మతం, ఏ భాష అని అడగకముందే ఈ ప్రశ్న అడిగితే సగం చిక్కు విడిపోతుంది. 1991కి ముందు వెళ్ళినవారు ఇథియోపియా సైన్యానికి జడిసి వెళ్ళారు. వారిలో షాబియా అభిమానులు ఇటలీలోని బొలోన్యాలో ఏటా జరిగిన పెద్ద ఉత్సవానికి చేరి, ఇళ్ళలో పనిచేసి సంపాదించిన జీతంలోంచి పోరాటానికి చందాలిచ్చారు. వారికి ప్రభుత్వం అంటే తమ సొమ్ముతో, తమవాళ్ళ రక్తంతో కట్టుకున్న ఇల్లు. దాన్ని తిట్టేవాడు వారి కంటికి ద్రోహిలాగే కనబడతాడు. జెబ్హా వైపువారి కథ వేరు. 1980–81లో జరిగిన అంతర్యుద్ధంలో షాబియా, ఇథియోపియా ఉత్తరాన ఉన్న తిగ్రాయ్ ప్రాంతపు విమోచన ఫ్రంట్ కలిసి వారిని సరిహద్దు దాటించి సూడాన్‌లోకి తరిమాయి. కసలా చుట్టూ ఉన్న శిబిరాల్లో, సౌదీలో, తరువాత యూరప్‌లో వారి బతుకు గడిచింది. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన రోజున కూడా సంస్థగా వారికి తిరిగి రావడానికి వీలు లేకపోయింది. కావాలంటే ఒక్కొక్కరుగా రావచ్చునని కొత్త ప్రభుత్వం చెప్పింది.

2001 తరువాత వెళ్ళినవారు ఎవరి సైన్యానికి జడిసి వెళ్ళారంటే, తమ సైన్యానికే. వారిని దేశం విడిచేలా చేసిన నిర్బంధ జాతీయ సేవ గురించి కింద వివరంగా చెబుతాను. వీరు సూడాన్, లిబియా ఎడారులు దాటి, సినాయిలో కిడ్నాప్ ముఠాల చేతుల్లో పడి, మధ్యధరా సముద్రం మీద పడవలెక్కి వెళ్ళారు. 2013 అక్టోబరు 3న లాంపెదూసా దీవి దగ్గర మునిగిన పడవలో చనిపోయిన 360 మందికి పైగా మనుషుల్లో అత్యధికులు ఎరిత్రియా వాళ్ళే. ఇవాళ దేశం బయట శరణార్థులుగా, ఆశ్రయం కోరినవారుగా ఉన్న ఎరిత్రియన్లు 5 లక్షలకు పైగా ఉంటారు.

మూడో తెగ ఒకటుంది: స్టాక్‌హోమ్‌లోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో పుట్టి, అమ్మానాన్నల వెంట వేసవి సెలవులకు అస్మారా చూసి వచ్చిన పిల్లలు. పాలకపార్టీ యువజన విభాగం 2004 నుంచి యూరప్‌లో వీరిని కూడగడుతోంది. అస్మారాలోని ఇటాలియన్ కాలపు కాఫీ హోటళ్ళు వీరికి తెలుసు, సావా సైనిక శిబిరం ఒక సందర్శన స్థలంగా తెలుసు. అందులో ఏడాది గడిపి పారిపోయి వచ్చినవాడు వీరికి ఎదురుపడినప్పుడు ఇద్దరూ మాట్లాడేది తిగ్రిన్యాయే, కానీ ఒకే దేశం గురించి కాదు.

ఈ లెక్క పట్టుకుంటే, ప్రభుత్వ అనుకూలులు విదేశాల్లో జరిపే ఎరిత్రియా ఉత్సవాల దగ్గర 2022 నుంచి జరిగిన ఘర్షణలు అర్థమవుతాయి. జర్మనీలోని గీసెన్‌లో 2022 ఆగస్టులో, మళ్ళీ 2023 జూలైలో, స్టాక్‌హోమ్‌లోను టొరంటోలోను 2023 ఆగస్టులో, స్టుట్‌గార్ట్‌లో ఆ సెప్టెంబరులో, హేగ్‌లో 2024 ఫిబ్రవరి 17న గొడవలు జరిగాయి. హేగ్‌లో పోలీసు వాహనాలు తగలబడ్డాయి. ‘ఎరిత్రియన్ల ముఠా తగాదా’ అని పత్రికలు రాశాయి. రాయవలసింది ఏమిటంటే, పాత ప్రవాసులు తమ పోరాటపు పండుగగా చూసేదాన్ని, కొత్త ప్రవాసులు తమను వెంటాడి వచ్చిన ప్రభుత్వపు చందా వసూలు కేంద్రంగా చూస్తున్నారని. అంతమాత్రాన పోలీసుల మీద రాళ్ళు వేయడం ఒప్పయిపోదు. ఆ రాళ్ళు ప్రభుత్వానికి మేలే చేశాయి, ఎందుకంటే మర్నాడు యూరప్ పత్రికల్లో చర్చ అస్మారా గురించి కాక శరణార్థుల ప్రవర్తన గురించి సాగింది.

ప్రభుత్వపు చిక్కులను నినాదాల్లో కాక కాగితాల్లో వెతకండి

ఎరిత్రియా ప్రభుత్వం గురించి రాసేటప్పుడు ‘ఆఫ్రికా ఉత్తర కొరియా’ అనే అరువు మాట కలం చివరికి వచ్చి కూర్చుంటుంది. అది రాస్తే రాసినవారికి పని తప్పుతుంది, చదివినవారికి ఏమీ తెలియదు. దాని బదులు మూడు కాగితాలు ముందు పెట్టుకోవాలి.

మొదటిది 1997 రాజ్యాంగం. 1993 ఏప్రిల్ రెఫరెండంలో 99.8 శాతం మంది స్వాతంత్ర్యానికి ఓటు వేశాక, బెరెకెత్ హబ్తె సెలాసీ అధ్యక్షతన ఒక సంఘం ఊరూరా తిరిగి, ప్రవాసుల దగ్గరకూ వెళ్ళి చర్చలు జరిపి దాన్ని రాసింది. 1997 మే 23న రాజ్యాంగ సభ ఆమోదించింది. దాని ప్రకారం అధ్యక్షుడి పదవీకాలం ఐదేళ్ళు, ఒకరికి రెండు పర్యాయాలు మించదు. ఏడాది తిరగకముందే, 1998 మేలో, బద్‌మె గ్రామం దగ్గర ఇథియోపియాతో యుద్ధం వచ్చింది, రాజ్యాంగం అటకెక్కింది. 2014లో అధ్యక్షుడు ఇసయాస్ అఫ్‌వెర్కి కొత్త రాజ్యాంగం రాయిస్తానని ప్రకటించారు. అదీ రాలేదు. 150 మంది సభ్యుల జాతీయ సభ 2002 తరువాత సమావేశం కాలేదు. పాలక పార్టీ పేరులో ప్రజాస్వామ్యమూ న్యాయమూ రెండూ ఉన్నాయి కానీ, జనం దాన్ని పొట్టి పేరుతో ‘హిగ్దెఫ్’ అంటారు. 1994 మహాసభ తరువాత అది మరో మహాసభ జరపలేదు.

రెండోది 1995 నాటి జాతీయ సేవా చట్టం. అందులో ఉన్నది 18 నెలలు: ఆరు నెలల శిక్షణ, ఏడాది సేవ. యుద్ధం తరువాత, 2002లో ‘వార్సాయ్–యికాలో’ అనే అభివృద్ధి ఉద్యమం పేరుతో ఆ గడువుకు అంతు లేకుండా పోయింది. యికాలో అంటే పోరాటం చేసిన పెద్దతరం, వార్సాయ్ అంటే దానికి వారసులైన చిన్నతరం. 2003 నుంచి బడి చివరి సంవత్సరం, అంటే పన్నెండో తరగతి, ప్రతి విద్యార్థీ సావా శిబిరంలోనే చదవాలి. అక్కడి మార్కులను బట్టి కొందరు కళాశాలకు, మిగతావారు సైన్యానికో వృత్తి శిక్షణకో పోతారు. సేవలో ఉన్నవాడు తుపాకీ పట్టాలనే లేదు. బడిలో పాఠాలు చెప్పేవాడు, కార్యాలయంలో గుమాస్తా, రోడ్డు వేసే కూలీ, అందరూ సేవలో ఉన్నవారే కావచ్చు, నలభై దాటినా అందులోనే ఉండవచ్చు. తప్పించుకున్నవారి కోసం వీధులు మూసి చేసే గాలింపును ‘గిఫా’ అంటారు. బిడ్డ సరిహద్దు దాటితే ఇంట్లోవారికి 50 వేల నక్ఫాల జరిమానా వేసిన రోజులున్నాయి. డాలరుకు 15 నక్ఫాల అధికారిక లెక్కలో చూసినా, సేవలో ఉన్నవాడి జీతంతో అది ఏళ్ళ తరబడి తీరని అప్పు. ఐరాస విచారణ సంఘం 2016 నివేదికలో ఈ వ్యవస్థను బానిసత్వంగా, మానవత్వంపై నేరంగా పేర్కొన్నది.

ప్రభుత్వ వాదన కూడా రాయాలి, ఎందుకంటే అందులో నిజం పాలు ఉంది. బద్‌మె యుద్ధాన్ని ముగించిన 2000 అల్జీర్స్ ఒప్పందం ప్రకారం ఏర్పడిన సరిహద్దు సంఘం 2002 ఏప్రిల్‌లో బద్‌మెను ఎరిత్రియాకే ఇచ్చింది. ఇథియోపియా పదహారేళ్ళపాటు దాన్ని వదలలేదు, హామీదారులుగా నిలబడిన పెద్ద దేశాలు ఒత్తిడి చేయలేదు. 2009లో భద్రతామండలి ఎరిత్రియా మీదే ఆంక్షలు పెట్టింది. ‘మేం గెలిచిన కేసులో మాకే శిక్ష’ అన్నది అస్మారా ఫిర్యాదు. అయితే ఈ వాదన బరువు ఎంతో తూచడానికి ఒక తేదీ ఉంది. 2018 జూలై 9న ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్ అస్మారా వచ్చి శాంతి పత్రం మీద సంతకం చేశారు, నవంబరులో భద్రతామండలి ఆంక్షలు ఎత్తివేసింది. కారణం పోయింది, సేవ మాత్రం అలాగే ఉంది. ఆ సెప్టెంబరులో సరిహద్దు తెరిస్తే కుటుంబాలు కుటుంబాలే నడిచి వెళ్ళిపోయాయి. కొన్ని నెలల్లోనే మళ్ళీ గేట్లు పడ్డాయి.

మూడో కాగితం 2001 మే నాటి బహిరంగ లేఖ. పార్టీ అగ్రనాయకుల్లో 15 మంది, అంటే మాజీ మంత్రులు, సైన్యాధికారులు, పోరాటంలో ఇసయాస్ పక్కన నడిచినవారు, రాజ్యాంగం అమలు చేయాలని, పార్టీ మండలిని సమావేశపరచాలని అడిగారు. సెప్టెంబరు 18న, ప్రపంచమంతా న్యూయార్క్ వైపు చూస్తున్న వారంలో, వారిలో 11 మందిని తీసుకువెళ్ళారు. పెత్రోస్ సొలొమొన్, హైలే వొల్దెతెన్సయె, మహ్ముద్ షరీఫో, అస్తెర్ ఫిస్సెహత్సియొన్ వారిలో ఉన్నారు. అదే రోజు ప్రైవేటు పత్రికలు మూతపడ్డాయి, ఆ తరువాతి రోజుల్లో సంపాదకులను, విలేఖరులను పట్టుకుపోయారు. వారిలో స్వీడన్ పౌరసత్వం కూడా ఉన్న దావిత్ ఇసాక్ ఒకరు. ఇన్నేళ్ళలో ఒక్కరి మీద కూడా కోర్టులో అభియోగం మోపలేదు, ఆ 11 మందిలో ఒక్కరినీ బయట ఎవరూ చూడలేదు. ఇదే బాటలో 2018లో అధ్యక్షుణ్ణి బహిరంగంగా విమర్శించిన మాజీ ఆర్థికమంత్రి బెర్హానె అబ్రెహె నిర్బంధంలోకి వెళ్ళి, 2024లో అక్కడే మరణించారు.

ఈ మూడు కాగితాలనూ కలిపి చూస్తే ప్రభుత్వానికి ఉన్న అసలు చిక్కు కనబడుతుంది. అది ప్రతిపక్షం బలం కాదు. ఇసయాస్ 1946 ఫిబ్రవరిలో పుట్టారు. దేశాధ్యక్షుడు, ప్రభుత్వాధినేత, సర్వసైన్యాధ్యక్షుడు, పార్టీ అధిపతి అన్నీ ఆయనే. తన తరువాత ఎవరన్నది తేల్చగల వ్యక్తులనూ సంస్థలనూ ఒక్కొక్కటిగా మూలన పడేశారు. జైలుకు పంపనవారిని ‘మిద్‌స్కాల్’ చేస్తారు: హోదా ఉంటుంది, జీతం ఉంటుంది, పని ఉండదు, ఇంట్లో కూర్చోవాలి. 2013 జనవరి 21న కొందరు సైనికులు ఫోర్తో గుట్ట మీది సమాచార శాఖ భవనాన్ని ఆక్రమించి, రాజ్యాంగం అమలు చేయాలని, రాజకీయ ఖైదీలను విడిచిపెట్టాలని టీవీలో చదివించడం మొదలుపెట్టారు. వాక్యాలు పూర్తి కాకముందే ప్రసారం ఆగిపోయింది, సాయంత్రానికి అంతా అణగిపోయింది. పోరాటయోధుల్లోంచే ఆ మాట వచ్చిందన్నది గుర్తుపెట్టుకోవాలి.

రెండు శాతం పన్నునూ ఆ ఫారాన్నీ దగ్గరగా చూడండి

ప్రవాసులు ఆదాయంలో రెండు శాతం పన్ను కట్టాలన్న నియమం స్వాతంత్ర్యపు తొలి ఏళ్ళ నాటిది. అప్పట్లో సంతోషంగా కట్టినవారున్నారు. ఇప్పుడు అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. ఒక యువతి జర్మనీలో ఉంటుంది. ఊళ్ళో తండ్రి పోతాడు. ఇంటి హక్కు తన పేరుకు మార్చుకోవాలన్నా, తల్లికి పవరాఫ్ అటార్నీ పంపాలన్నా, పాస్‌పోర్టు కొత్తది కావాలన్నా దౌత్య కార్యాలయానికి వెళ్ళాలి. అక్కడ పన్ను కట్టిన రసీదు అడుగుతారు. కట్టకపోతే వెనకటి ఏళ్ళ బకాయి లెక్కగడతారు. ఆమె సేవ నుంచి తప్పించుకుని వచ్చినదైతే మరో ఫారం ఇస్తారు. జాతీయ బాధ్యత నెరవేర్చక నేరం చేశానని, అందుకు చింతిస్తున్నానని, తగిన శిక్షకు సిద్ధమేనని అందులో సంతకం పెట్టాలి. దాన్ని పశ్చాత్తాప పత్రం అంటారు. శరణార్థిగా ఒక దేశంలో ‘అక్కడికి పోతే శిక్షిస్తారు’ అని చెప్పి రక్షణ పొందిన మనిషి, ఇంకో గదిలో ‘శిక్షించండి’ అని రాసి ఇవ్వడం. జర్మనీ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం 2022 అక్టోబరులో, ఇష్టం లేనివారిని ఈ సంతకం పెట్టి పాస్‌పోర్టు తెచ్చుకోమని జర్మన్ అధికారులు బలవంతం చేయరాదని తీర్పు చెప్పింది. పన్ను వసూలు తీరు మీదే కెనడా 2013లో టొరంటోలోని ఎరిత్రియా కాన్సుల్‌ను పంపించివేసింది.

అందువల్ల ‘ఉత్సవానికి వచ్చాడు కాబట్టి ప్రభుత్వ మనిషి, పన్ను కట్టాడు కాబట్టి ప్రభుత్వ మనిషి’ అని రాయకండి. తల్లి మందుల కోసం కట్టేవారున్నారు, చెల్లెలి పెళ్ళికి వెళ్ళిరావడానికి కట్టేవారున్నారు. పండక్కి వచ్చింది పాట కోసమో సంబంధం చూసుకోవడం కోసమో కావచ్చు. ఆ భయమూ మొహమాటమూ కలిసిన మధ్యస్థ జనమే ప్రవాసంలో ఎక్కువ అని నా అంచనా.

సంస్థ పేరు వినగానే మూడు ప్రశ్నలు వేయండి

ప్రవాస ప్రతిపక్షంలో పేర్లు వర్షాకాలపు పుట్టగొడుగుల్లా ఉంటాయి. ఒక సంస్థ చీలితే రెండూ పాతపేరే ఉంచుకుని వెనక ఒక మాట తగిలిస్తాయి. జాబితా కంఠస్థం చేయనక్కరలేదు. ఆ సంస్థకు జెబ్హాతో ఏం సంబంధం, ఏ ప్రాంతంతో సంబంధం, ఇథియోపియాతో ఏం సంబంధం అన్న మూడు ప్రశ్నలు చాలు.

మొదటి ప్రశ్నకు కొంత జవాబు పైన వచ్చింది. రెండోది 1940ల నుంచి నడుస్తున్న తగవు. ఎత్తైన పీఠభూమిలో తిగ్రిన్యా మాట్లాడే, ఎక్కువగా క్రైస్తవులైన వ్యవసాయదారులు. పడమటి, తూర్పు మైదానాల్లో ఎక్కువగా ముస్లింలైన పశుపాలకులు. దేశంలో గుర్తించిన జాతులు తొమ్మిది. 1946 నవంబరులో బెత్ గియోర్గిస్ దగ్గర అన్ని పక్షాలూ కలిసి ఉమ్మడి దారి వెతకబోయి విఫలమయ్యాయి. మరుసటి నెలలోనే కెరెన్‌లో ఇబ్రహీం సుల్తాన్ నాయకత్వాన ముస్లిం లీగ్ పుట్టి స్వాతంత్ర్యం కోరింది, యూనియనిస్టు పార్టీ ఇథియోపియాతో కలుపుదామన్నది. 1952 రాజ్యాంగం తిగ్రిన్యాను, అరబ్బీని రెండింటినీ అధికార భాషలు చేసింది. షాబియా మాత్రం భాషలన్నీ సమానమంటూ అధికార భాష అనే మాటే తీసేసింది. పీఠభూమి యువకుడికి ఇది న్యాయంగా కనిపిస్తుంది, మైదానపు పెద్దమనిషికి అరబ్బీని గెంటివేసే ఉపాయంలా కనిపిస్తుంది. 1994 నుంచి భూమి అంతా ప్రభుత్వానిదే అయింది. సూడాన్ శిబిరాల్లో ముప్పై ఏళ్ళుగా ఉన్న మైదాన కుటుంబం తన పాత మేత భూమిలో వేరేవాళ్ళ పొలాలు లేచాయని విన్నప్పుడు, ‘ముందు ఇసయాస్ పోనీ, మిగతావి తరువాత మాట్లాడుకుందాం’ అనే మాట వారి చెవికెక్కదు. 1991లోనూ అదే మాట చెప్పారు కదా అంటారు. భాషా రాజకీయమూ భూమి తగవూ ఎంత లోతుగా పాతుకుంటాయో తెలుగు పాఠకులకు విడమరచి చెప్పనవసరం లేదు.

మూడోదే అన్నింటికన్నా కఠినం. పది పైచిలుకు సంస్థలు కలిసిన ఎరిత్రియా ప్రజాస్వామిక కూటమి కానీ, 2011 నవంబరులో హవాసా పట్టణంలో ఏర్పడిన ప్రజాస్వామిక మార్పు జాతీయ మండలి కానీ ఇథియోపియా చల్లని నీడలోనే పెరిగాయి. అఫార్, కునామా జాతుల పేర్లతో ఉన్న సంస్థలు స్వయంనిర్ణయ హక్కు కావాలన్నాయి. అది ఇథియోపియా నమూనాను తెచ్చి మా నెత్తిన పెట్టడమేనని ఎరిత్రియా ప్రజల ప్రజాస్వామిక పార్టీ వంటివారు దూరంగా ఉండిపోయారు. 2018లో అబీ, ఇసయాస్ కౌగిలించుకోగానే ఇథియోపియా రాజధాని అడిస్ అబాబాలో ప్రతిపక్షం కాళ్ళ కింద నేల జారిపోయింది. 2020 నవంబరులో ఇథియోపియా ప్రభుత్వానికీ తిగ్రాయ్ ఫ్రంట్‌కూ మధ్య యుద్ధం వచ్చింది, ఎరిత్రియా సైన్యం ఇథియోపియా సైన్యం పక్కన తిగ్రాయ్‌లోకి వెళ్ళింది. అక్కడ జరిగిన ఘోరాలకు ఐరాస దర్యాప్తులు, అమెరికా 2021 ఆంక్షలు దాన్ని తప్పుపట్టాయి. ప్రతిపక్షంలో కొందరు తిగ్రాయ్ వైపు మాట్లాడారు. అస్మారా మీద తిగ్రాయ్ రాకెట్లు పడ్డాక ఇంకొందరు నోరు మూసుకున్నారు. 2022 నవంబరులో ఆ రెండు పక్షాల మధ్య ప్రిటోరియాలో కుదిరిన శాంతి ఒప్పందంలో ఎరిత్రియాకు చోటు లేదు, అక్కడి నుంచే అస్మారా, అడిస్ మళ్ళీ ఎడమొహం పెడమొహం అయ్యాయి. 2023 అక్టోబరులో అబీ ఎర్ర సముద్రం తమకు జీవన్మరణ సమస్య అనడంతో అందరి చూపూ ఎరిత్రియాలోని అసబ్ రేవు మీద పడింది.

ఇప్పుడు ప్రతిపక్షం పరిస్థితి చూడండి. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇథియోపియా సాయం తీసుకుంటే రేవును అమ్మేస్తున్నారని ఊళ్ళో తల్లిదండ్రులు కూడా అసహ్యించుకుంటారు. తీసుకోకపోతే సరిహద్దు పక్కన నిలబడే చోటు దొరకదు. 2018–19లో ‘యిఆకిల్’, అంటే ‘ఇక చాలు’, అని మొదలైన యువజన ఉద్యమమూ, ఉత్సవాలను అడ్డుకుంటూ పేరు తెచ్చుకున్న ‘బ్రిగేడ్ న్‌హమెదు’ వారూ పాత పార్టీల మీద విసుగుతోనే పుట్టారు, కానీ ఈ ప్రశ్న దగ్గరకు వచ్చేసరికి వారూ అదే ముడిలో చిక్కుకున్నారు. వారి ప్రకటన ఏదైనా చేతికొస్తే అసబ్ అనే మాట, సార్వభౌమత్వం అనే మాట ఎక్కడ ఉన్నాయో ముందు వెతకండి. అవి లేని ప్రకటనలో ఒక జవాబు దాగి ఉంటుంది.

పేర్లు, అంకెలు, వదంతులు

ఎరిత్రియా వాళ్ళకు ఇంటిపేరు ఉండదు. మొదటిది తన పేరు, రెండోది తండ్రి పేరు. ‘అఫ్‌వెర్కి ప్రకటించారు’ అని రాస్తే ఆ ప్రకటన ఆయన తండ్రి చేసినట్టవుతుంది. ‘ఇసయాస్’ అనే రాయాలి. మన పేర్లను పాశ్చాత్యులు తలకిందులు చేస్తే చిరాకుపడే మనం ఈ తప్పు చేయకూడదు. ‘వొయానె’ అన్న మాట ప్రసంగంలో వస్తే తిగ్రాయ్ ఫ్రంట్ అని అర్థం, పలికినవారు ప్రభుత్వం వారైతే అది తిట్టు కూడా.

జనాభా అంకె రాసేటప్పుడు చేయి ఆగాలి. స్వాతంత్ర్యం వచ్చాక ఒక్క జనగణన కూడా జరగలేదు. ఐరాస అంచనా 35 లక్షల చుట్టూ ఉంటుంది, అంతకు ఎంతో ఎక్కువ చెప్పేవారూ ఉన్నారు. ఎవరి అంచనాయో చెప్పకుండా అంకె ఇవ్వకండి. లోపలి నుంచి ఒక పాత విద్యార్థో సహోద్యోగో ఏదైనా చెబితే ఊరు, శాఖ, వయసు ఏవీ రాయకండి. అంత చిన్న దేశంలో ఆ మూడింటితో మనిషిని పట్టుకోవడానికి ఒక పూట చాలు.

ప్రభుత్వ టీవీని చూడండి, చులకన చేయకండి. గంటల కొద్దీ సాగే ఇసయాస్ ఇంటర్వ్యూలో దేశీయ విషయాలకు ఎంతసేపు, ప్రపంచ రాజకీయాలకు ఎంతసేపు అని గడియారం పెట్టుకుని లెక్కిస్తే చాలా తెలుస్తుంది. మే 24 వేడుకల వేదిక మీద నిరుడు ఉండి ఈ ఏడు లేనిదెవరో చూసుకోవాలి.

ఇక అందరూ భయపడే రాత్రి. 2012 ఏప్రిల్‌లో ఇసయాస్ పోయారనీ పోబోతున్నారనీ వదంతి ప్రవాసమంతా పాకింది. నెలాఖరున ఆయన టీవీలో కనబడి విమర్శకులను ఎద్దేవా చేశారు. అటువంటి ఫ్లాష్ మళ్ళీ వస్తే శీర్షిక కట్టకముందు అస్మారా ప్రభుత్వ ప్రసారం చూడండి, తరువాత ప్యారిస్ నుంచి 2009 నుంచి నడుస్తున్న రేడియో ఎరెనా ఏమంటున్నదో వినండి, రెండూ లేకపోతే ఆగండి. నిజమే అని తేలితే ‘తాత్కాలిక అధ్యక్షుడిగా ఫలానావారు’ అనే వాక్యం కోసం వెతకాలనిపిస్తుంది. ఖాళీ వస్తే ఏం చేయాలో రాసి ఉన్నది అమలుకు రాని 1997 రాజ్యాంగంలో. ఆ స్థానంలోకి రావలసిన జాతీయ సభ అధ్యక్ష పదవి కూడా ఇసయాస్ దగ్గరే ఉంది.